జబ్బుల చిట్టా

జ్వరం తగ్గిన మర్నాడే మన ఇళ్లలో ఓపీ చీటీ మాయమవుతుంది. గరాచర్మ ప్రభుత్వాసుపత్రిలో రాసిచ్చినదైనా, పోర్ట్ బ్లెయిర్‌లోని జి.బి. పంత్ ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితమైనా, వానాకాలపు చెమ్మకు మడతలు అంటుకుపోయి, సిరా చెదిరిపోయి, చివరికి చెత్తబుట్టలో పడుతుంది. మందు పనిచేసింది, జబ్బు పోయింది, ఇక కాగితంతో పనేముందని అనుకుంటాం. ఆ అనుకోవడం తప్పని చెప్పడానికే ఈ అధ్యాయం. పుట్టుకతోనో, మధ్యలోనో రోగనిరోధక శక్తి దెబ్బతిన్న మనిషిని కాపాడటానికి ఇంట్లో ఉండగలిగే వస్తువులన్నిటిలోకీ ఆ కాగితాల కట్టే విలువైనదని నా నమ్మకం. మందుల షాపు అరలోని టానిక్కులు చేయలేని పని అది చేస్తుంది: లోపం ఎక్కడుందో చూపిస్తుంది. లోపం ఎక్కడుందో తెలియకుండా దాన్ని పూడ్చడం ఎవరి తరమూ కాదు.

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. రోగనిరోధక శక్తి అనగానే మనకు బావిలో నీటిమట్టం లాంటిది గుర్తొస్తుంది. తగ్గితే ఏదో పోసి పెంచాలి, నిండితే రోగాలు రావు. అసలు సంగతి అది కాదు. చీము పుట్టించే సూక్ష్మజీవుల్ని మింగేసే కణాలు వేరు, రక్తంలో తిరుగుతూ వాటిని పట్టించే యాంటీబాడీలు వేరు, వైరస్‌ దూరిన కణాన్ని గుర్తుపట్టి చంపే టీ లింఫోసైట్లు వేరు, రక్తాన్ని వడకట్టే ప్లీహం వేరు. ఊరి కాపలాలో ఒకడు పొలిమేరలో, ఒకడు చెరువుగట్టున, ఒకడు ధాన్యపు కొట్టు దగ్గర ఉన్నట్టు వీటి చోట్లు వేరు, పనులు వేరు. కొట్టు దగ్గర కావలివాడు లేకపోతే పొలిమేరలో పదిమందిని పెంచి లాభం లేదు. దొంగ కొట్టుకే వస్తాడు. అందుకే ఒక్కో లోపం ఒక్కో రకం జబ్బుకి దారి ఇస్తుంది. యాంటీబాడీలు లేని బిడ్డకి చెవిలో చీము, న్యుమోనియా మళ్లీ మళ్లీ వస్తాయి. టీ కణాలు లేని పసికందుకి నాలుక మీద తెల్లటి పూత పోదు, విరేచనాలు ఆగవు, బరువు పెరగదు. మింగే కణాలు సరిగా పనిచేయకపోతే సెగ్గడ్డలు, కాలేయంలో చీముగడ్డలు. వచ్చిన జబ్బే సాక్షి అన్నమాట. ఒక్కసారి వచ్చినప్పుడు దాని సాక్ష్యానికి బలం లేదు. పదిసార్లు వచ్చినదాన్ని వరుసగా రాసిపెడితే ఉంది.

ఈ శాస్త్రం పుట్టిందే అలాంటి ఒక చిట్టా వల్ల. 1952లో అమెరికా సైనిక వైద్యుడు ఆగ్డెన్ బ్రూటన్ ఎనిమిదేళ్ల బాలుడి గురించి ఒక వ్యాసం ప్రచురించాడు. ఆ పిల్లవాడికి నాలుగేళ్లలో 19 సార్లు ప్రాణం మీదకు తెచ్చే ఇన్ఫెక్షన్లు వచ్చాయి. చాలాసార్లు రక్తంలో దొరికింది న్యూమోకాకస్ కుటుంబమే. ప్రతిసారీ మందు ఇచ్చారు, ప్రతిసారీ తగ్గింది. చీటీలు పారేసే ఇంట్లోనైతే అది 19 వేర్వేరు జబ్బులుగా మిగిలిపోయేది. బ్రూటన్ వాటిని ఒక్కచోట చేర్చి చూశాడు. రక్తంలోని ప్రొటీన్లను విడదీసే అప్పటి కొత్త పరీక్ష చేయించాడు. గామా గ్లోబ్యులిన్ అనేది ఉండాల్సిన చోట ఏమీ లేదు. నెలనెలా ఆ గ్లోబ్యులిన్‌ను సూదితో ఇవ్వడం మొదలుపెట్టాక ఆ వరస జబ్బులు ఆగాయి. ఈ లోపానికి మూలమైన జన్యువు 1993లో దొరికింది, దానికి బ్రూటన్ పేరే పెట్టారు. జన్యువు తెలియడానికి 41 ఏళ్లు ముందే వైద్యం అందిందని గమనించండి. వైద్యానికి కావలసింది 19 అన్న ఆ లెక్క.

మధ్యలో సంక్రమించే లోపాల కథా ఇదే. 1980 చివర, 1981 మొదట్లో అమెరికాలో పెంటామిడిన్ అనే అరుదైన మందు కోసం వరసగా వస్తున్న అర్జీలను, ఆ మందు నిల్వలు చూసే ఉద్యోగిని ఒకామె గమనించింది. పుస్తకంలో రాసుకుంటున్నది కాబట్టి గమనించింది. 1981 జూన్ 5న లాస్ ఏంజెలెస్‌కు చెందిన అయిదుగురు యువకుల న్యుమోనియా గురించి వెలువడిన చిన్న నివేదికే ఎయిడ్స్ గురించి లోకానికి అందిన మొదటి వార్త. పెంటామిడిన్ అడిగింది అలాంటి న్యుమోనియా కోసమే. ఆరోగ్యంగా ఉన్న యువకులకు రాకూడని న్యుమోనియా అది. మన దేశంలో 1986లో చెన్నైలో డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల సేకరించిన రక్తనమూనాల్లో హెచ్‌ఐవీ బయటపడింది. అంతకుముందు మన దగ్గర ఆ జబ్బు రాదని గట్టిగా నమ్మినవాళ్లు ఎందరో. ఆ తరువాతి దశాబ్దాల్లో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ఎక్కువమంది హెచ్‌ఐవీ బాధితులున్న రాష్ట్రాల వరసలో నిలిచింది. శ్రీకాకుళం నుంచి, విశాఖ నుంచి వచ్చి అండమాన్‌లో స్థిరపడిన కుటుంబాలకు ఇదేదో దూరపు సంగతి కాదు. 2011 జనాభా లెక్కల్లో ఈ ద్వీపాల్లో తెలుగు మాట్లాడేవారు వందకు 13 మంది. ఓడలూ విమానాలూ బంధువుల్ని మోసినట్టే జబ్బుల్నీ మోస్తాయి.

అయినా హెచ్‌ఐవీ గురించి చెప్పినంతగా మనం చెప్పుకోనిది షుగరు, స్టెరాయిడ్ల జంట గురించి. 2021 వేసవిని గుర్తుచేసుకోండి. బ్లాక్ ఫంగస్ అని మనం పిలిచిన మ్యూకర్‌మైకోసిస్ కేసులు ఆ జూన్ చివరికి దేశంలో 40,000 దాటాయి. మే 20న తెలంగాణ ప్రభుత్వం దాన్ని అంటువ్యాధుల చట్టం కింద తప్పక తెలియజేయాల్సిన వ్యాధిగా ప్రకటించింది. ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ కోసం మనుషులు హైదరాబాదులో, విశాఖలో ఆసుపత్రుల చుట్టూ తిరిగారు. ఆ బూజు కొత్తది కాదు. మట్టిలో, కుళ్లిన ఆకుల్లో, గాలిలో ఎప్పుడూ ఉన్నదే, మనమందరం రోజూ పీలుస్తున్నదే. మారింది మనిషి లోపలి కాపలా. రక్తంలో చక్కెర అదుపు తప్పితే మింగే కణాలు మందగిస్తాయి. దానిపైన స్టెరాయిడ్ పడితే మిగిలిన కాపలా కూడా నిద్రపోతుంది, చక్కెర ఇంకా పెరుగుతుంది. 2020 చివరి నాలుగు నెలల్లో దేశంలోని 16 ఆసుపత్రుల్లో కోవిడ్‌తో పాటు ఈ బూజు సోకిన 187 మందిని పరిశీలించిన అధ్యయనం, అవసరం లేనిచోట, మోతాదు మించి స్టెరాయిడ్లు వాడటానికీ ఈ వ్యాధికీ సంబంధం ఉందని తేల్చింది. కోవిడ్ రెండో అల రాకముందే ఆ సంగతి ఆసుపత్రి రికార్డుల్లో ఉంది. కోవిడ్‌కు స్టెరాయిడ్ ప్రాణం పోసిన మాట నిజం. ఆక్సిజన్ అవసరమైనవారికి, వైద్యుడు చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు ఇచ్చినప్పుడు. వాట్సాప్‌లో వచ్చిన మందుల జాబితా చూసి జ్వరం మొదటి రోజే మింగినవారికి అదే మందు కాపలా తలుపులు తెరిచింది.

మందుతో వచ్చే లోపం అంటే మనవాళ్లకు నమ్మబుద్ధి కాదు. మందు అంటే జబ్బు తగ్గించేది కదా అంటారు. దీనికి జవాబు తెలుగువాడి చేతిలోనే ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తన బృందంతో ఫోలిక్ యాసిడ్ మీద చేసిన పరిశోధనలోంచి దాన్ని అడ్డుకునే మందులు పుట్టాయి. వాటిలో మొదటిది పిల్లల రక్తకేన్సర్‌ను తాత్కాలికంగానైనా వెనక్కి నెట్టగలిగింది. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్ ఇవాళ కేన్సర్‌కే కాక కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు వాడతారు. ఆ మందు కేన్సర్‌ను ఎదిరించేదే వేగంగా విభజించుకునే కణాల్ని అణచడం వల్ల. కీళ్లను తినేస్తున్న రోగనిరోధక కణాలు అణుగుతాయి కాబట్టే నొప్పి తగ్గుతుంది. మేలూ కీడూ ఒకే గుణంలోంచి వస్తున్నాయి. కీళ్లవాతానికి దీన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ఎముక మజ్జ ఎండిపోయి, తెల్ల రక్తకణాలు పడిపోయి ప్రాణం పోవచ్చు. అలా పోయిన ప్రాణాలున్నాయి. ఇంట్లో పెద్దావిడ ఈ మాత్ర వాడుతుంటే, ఆ డబ్బా మీద 'బుధవారం మాత్రమే' అనో, ఆమెకు వీలైన రోజు పేరో ఇంటి భాషలో పెద్ద అక్షరాలతో రాయండి. ఈ అధ్యాయం చదివి మీరు ఇంకేమీ చేయకపోయినా ఈ ఒక్కటి చేయండి.

ఇక టానిక్కుల మాట. తాతల నాటి నుంచి తిప్పతీగ వాడుతున్నాం, ఏ అపకారమూ జరగలేదు, పైగా ఒంటికి సత్తువ వచ్చింది, నువ్వు దాన్నీ కాదంటావా అని అడిగేవారుంటారు. వారి అనుభవాన్ని నేను కొట్టిపారేయను. కానీ రెండు సంగతులు చెప్పాలి. కోవిడ్ కాలంలో తిప్పతీగను వారాలు, నెలల తరబడి వాడి కాలేయం వాచి ఆసుపత్రుల్లో చేరినవారిని మన దేశంలోని వైద్యులు 13 కేంద్రాల నుంచి లెక్కవేశారు. నలభైమందికి పైగా తేలారు. వారిలో చాలామందిలో తమ రోగనిరోధక వ్యవస్థే తమ కాలేయం మీద తిరగబడిన లక్షణాలు కనిపించాయి. అంటే ఆ తీగకు శక్తి లేదని కాదు, ఉందనే అర్థం. ఎవరిలో ఏ కణాన్ని రెచ్చగొడుతుందో తెలియని శక్తి అది. రెండోది ఇంకా ముఖ్యం. యాంటీబాడీలు తయారుచేసే కణమే పుట్టని బిడ్డకు ఏ తీగ రసమూ ఆ కణాన్ని పుట్టించలేదు. అక్కడ వృథా అయ్యేది డబ్బు కన్నా కాలం. అలా వృథా అయిన నెలల్లో ఊపిరితిత్తులు శాశ్వతంగా చెడిపోవచ్చు.

పుట్టుకతో వచ్చే లోపాల దగ్గర కాలం ఎంత విలువైనదో ఒక లెక్క చెబుతుంది. టీ కణాలు దాదాపు లేకుండా పుట్టే తీవ్రమైన లోపం ఒకటుంది. వైద్యం లేకపోతే ఆ బిడ్డలు చాలావరకు రెండో పుట్టినరోజు లోపే పోతారు. అమెరికాలో డేవిడ్ వెటర్ అనే పిల్లవాడు 1971లో పుట్టిన క్షణం నుంచి పన్నెండేళ్లకు పైగా ప్లాస్టిక్ గదిలో బతికింది ఈ లోపం వల్లే. ఇప్పుడు ఎముక మజ్జ మార్పిడి ఉంది. మూడున్నర నెలల వయసు లోపల చేస్తే వందలో తొంభైమందికి పైగా బతుకుతున్నారని 2014లో ప్రచురించిన పెద్ద అధ్యయనం చూపింది. ఇన్ఫెక్షన్లు పట్టుకున్నాక చేస్తే ఆ అవకాశం తగ్గిపోతుంది. కొన్ని దేశాల్లో పుట్టిన ప్రతి బిడ్డకూ మడమ నుంచి రక్తపు చుక్క తీసి ఈ పరీక్ష చేస్తారు. మన దగ్గర ఇంకా అందరికీ ఆ సౌకర్యం రాలేదు. అందాకా మన చేతిలో ఉన్నది సీబీపీ, ఏ చిన్న ల్యాబులోనైనా చేసే మామూలు రక్తపరీక్ష. దాన్ని చదవడం మాత్రం నేర్చుకోవాలి. మూడు నెలల పసికందు రిపోర్టులో తెల్ల రక్తకణాలు 8,000 అని ఉంటే అంతా మామూలే అనిపిస్తుంది. కింది గడిలో లింఫోసైట్లు 15 శాతం అని ఉందనుకోండి. రెండూ గుణించండి: 1,200. ఆ వయసు బిడ్డకు అవి వేలల్లో, పెద్దవాళ్ల కంటే ఎక్కువ ఉండాలి. 3,000 కంటే తక్కువైతే పిల్లల వైద్యుణ్ని నిలబెట్టి అడగాల్సిన ప్రశ్న అది. కాగితం పారేసిన ఇంట్లో ఆ గుణకారం చేసేవారే ఉండరు.

ఇదే చోట టీకాల సంగతి కూడా తేల్చుకోవాలి. మన బిడ్డలకు పుట్టగానే వేసే బీసీజీలో బతికి ఉన్న, బలహీనపరచిన సూక్ష్మజీవి ఉంటుంది. నోట్లో వేసే పోలియో చుక్కలూ, రోటా వైరస్ చుక్కలూ అంతే. మామూలు బిడ్డకు అవి రక్ష. టీ కణాలు లేని బిడ్డలో ఆ బీసీజీయే ఒళ్లంతా పాకి ప్రాణం తీయగలదు. అయితే టీకాలే వద్దందామా? వద్దు. లోపం ఉన్న బిడ్డ వేలల్లో ఒకరు. మిగిలిన వేలమందికి టీకా మానేస్తే టీబీ, తట్టు పెరుగుతాయి, పోలియో తిరిగొస్తుంది, అవి ముందుగా కబళించేది లోపం ఉన్న ఆ ఒక్క బిడ్డనే. చేయాల్సింది చిన్న పని. ఈ తల్లికి ముందు పుట్టిన బిడ్డ ఎవరైనా పసితనంలో ఇన్ఫెక్షన్‌తో పోయారా, తల్లి అన్నదమ్ములెవరైనా చిన్నప్పుడే పోయారా, ఆమె అక్కచెల్లెళ్ల మగపిల్లలు పోయారా అన్న మూడు ప్రశ్నలకు జవాబు కాన్పుకు ముందే డాక్టరు చెవిన వేయాలి. మేనమామల్ని ఎందుకు అడుగుతున్నానంటే, ఈ లోపాల్లో కొన్ని తల్లి వైపు నుంచి కొడుకులకే దిగుతాయి. ఆడవాళ్లు ఆరోగ్యంగానే ఉండి మోసుకొస్తారు. బ్రూటన్ లోపమూ అలాంటిదే. మన ఇళ్లలో పసిబిడ్డ పోతే దిష్టి అన్నారు, బాలగ్రహం అన్నారు, తల్లి పాలు పడలేదని తల్లినే అన్నారు. ఆ తరువాత ఆ బిడ్డ పేరే ఎత్తలేదు. ఎత్తకపోవడం వల్ల పోయిన రెండో బిడ్డలు ఎందరో ఉండి ఉంటారన్న తలపు నన్ను బాధపెడుతుంది. ముసలమ్మలు బతికుండగానే అడిగి రాసుకోండి. మోసుకొచ్చిన తల్లి దోషి కాదని కూడా అదే పుటలో రాయండి.

వంశం లెక్క తీసేటప్పుడు మేనరికాల మాట ఎత్తితే మనవాళ్లకు కోపం వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో జరిగే పెళ్లిళ్లలో సుమారు నాలుగో వంతు ఏదో ఒక రక్తసంబంధం ఉన్నవే. తరతరాలుగా మేనబావనీ మేనమామనీ చేసుకుంటున్నాం, పిల్లలందరూ బాగానే ఉన్నారు కదా అన్నది అభ్యంతరం. చాలామంది బాగానే ఉంటారు, అది నిజం. అన్నాచెల్లెళ్ల పిల్లలు పెళ్లాడితే పుట్టుకతో వచ్చే తీవ్ర లోపాల ప్రమాదం మామూలు మీద రమారమి రెట్టింపవుతుంది. వందలో రెండు మూడు ఉన్నది నాలుగైదు అవుతుందని అంచనా. మేనమామతో అయితే దగ్గరితనం ఇంకా ఎక్కువ. వందలో తొంభైఅయిదుగురు బాగున్న ఊళ్లో మేనరికం మంచిదే అనిపించడం సహజం. ఆ అయిదుగురి తల్లులు మాత్రం అలా అనుకోలేరు. ఇప్పటికే పెళ్లయిపోయినవారిని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. పెళ్లి మాటలు నడుస్తున్న ఇంట్లో, ఆ వంశంలో చిన్నప్పుడు పోయిన పిల్లల లెక్క తీయమనడమే. లెక్కలో ఏదైనా కనిపిస్తే పెళ్లికి ముందే జన్యు వైద్యుల సలహా తీసుకోవచ్చు.

ఉత్తరాంధ్ర మూలాలున్నవారు తప్పక తెలుసుకోవాల్సింది సికిల్ సెల్. పాత విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల ఏజెన్సీల్లో, అరకు, పాడేరు, సీతంపేట వైపు గిరిజన కుటుంబాల్లో ఇది ఉంది. రక్తహీనత జబ్బుగానే దీన్ని చూస్తాం. కానీ కొడవలి ఆకారంలోకి వంగిన ఎర్రకణాలు ప్లీహంలోని సన్నటి నాళాల్లో ఇరుక్కుని, ఇరుక్కుని, అయిదారేళ్లు నిండేలోగానే దాన్ని పనికిరాకుండా చేస్తాయి. మన పల్లెల్లో ప్లీహం ఉబ్బితే కడుపులో బల్ల అంటారు. ఇక్కడ బల్ల మొదట ఉబ్బుతుంది, తరువాత ముడుచుకుపోతుంది. బల్ల తగ్గిందని ఇల్లు సంతోషిస్తున్న వేళకు రక్తాన్ని వడకట్టే కాపలా పోయిందన్నమాట. అప్పటి నుంచి ఆ బిడ్డకు వచ్చే ప్రతి పెద్ద జ్వరమూ గంటల్లో ప్రాణం మీదకు రావచ్చు. దీనికి ఖరీదైన వైద్యమేమీ అక్కర్లేదు: చిన్నతనంలో రోజూ పెన్సిలిన్ మాత్ర, న్యూమోకాకస్ టీకా, జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకపోవడం. 2023 జూలైలో మొదలైన జాతీయ కార్యక్రమం కింద దీని పరీక్ష ఉచితంగా చేస్తున్నారు. కార్డు ఇస్తారు. ఆ కార్డును చిట్టా మొదటి పుటలో అంటించండి.

ఇంత తెలుసుకుని ఏం లాభం, నిపుణులంతా సముద్రానికి అవతల ఉన్నారు కదా అన్నది గరాచర్మలో ఉండేవారి న్యాయమైన ప్రశ్న. చెన్నైకైనా విశాఖకైనా వెయ్యి కిలోమీటర్లు దాటిన దూరం. ఓడైతే మూడు రోజులు. విమానం టికెట్టు అందరికీ అందేది కాదు. నేను ఈ అభ్యంతరాన్ని తిప్పి చూస్తాను. దూరం ఉన్నచోటే చిట్టా అవసరం ఎక్కువ. హైదరాబాదులో ఉన్నవాడు కాగితం పోయినా పదిసార్లు వెళ్లి పది పరీక్షలు మళ్లీ చేయించుకోగలడు. మీకు ఒక్క ప్రయాణమే దొరుకుతుంది. ఆ ఒక్క ప్రయాణంలో డాక్టరు ముందు కూర్చున్నప్పుడు, 'వీడికి ఎప్పుడూ జ్వరమేనండి' అన్న మాటకూ, రెండేళ్లలో న్యుమోనియా మూడుసార్లు, తేదీలు ఇవి, రెండుసార్లు సెలైన్‌లో యాంటీబయాటిక్ ఇచ్చారు, బరువు నెలనెలా ఇంత అన్న కాగితానికీ మధ్య ఎన్నో నెలల తేడా ఉంది. ఆ పుటల ఫొటోలు ఫోన్‌లో ముందే వెళితే అసలు ప్రయాణం అవసరమో కాదో కూడా తేలవచ్చు. డబ్బు సంగతికి వస్తే, 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో ఒక్కసారి వైద్యంతో నయమయ్యే కొన్ని రోగనిరోధక లోపాలు మొదటి వర్గంలో ఉన్నాయి. గుర్తింపు పొందిన ఉత్కృష్ట కేంద్రాల ద్వారా రోగికి రూ.50 లక్షల వరకూ సాయానికి వీలుంది. హైదరాబాదులో సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిసి అలాంటి కేంద్రం. చండీగఢ్ పీజీఐ ఈ లోపాల వైద్యంలో దేశంలోనే పేరున్నది. వాళ్లు మొదట అడిగేదీ పాత కాగితాలే.

రెండో భయం ఇంకో రకం. చిట్టా ఎవరి చేతిలోనైనా పడితే పరువు పోతుందని. హెచ్‌ఐవీ విషయంలో ఈ భయం ఉత్తుత్తిది కాదు. చిన్న ఊళ్లో ఒక మాట బయటికి వస్తే అద్దె ఇల్లు, బడి, పని అన్నీ ప్రశ్నార్థకమవుతాయి. అందుకే 2018 సెప్టెంబరులో అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ ఎయిడ్స్ చట్టం, అనుమతి లేకుండా ఒకరి స్థితిని బయటపెట్టడాన్నీ, దాని పేరుతో ఉద్యోగం, చదువు, ఇల్లు నిరాకరించడాన్నీ నిషేధించింది. 1097 నంబరుకు ఫోన్ చేసి పేరు చెప్పకుండానే అడగవచ్చు. మందులు 2004 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. ఇప్పటి మందు చాలామందికి రోజుకు ఒక్క మాత్ర. వైరస్ రక్తంలో కనిపించనంత తగ్గితే భాగస్వామికి సెక్స్ ద్వారా సోకదు. ఏ జాగ్రత్తా లేకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం వందకు 15 నుంచి 45 దాకా ఉండేది, మందులతో అయిదు లోపుకు దిగింది. ఈ వివరం చిట్టాలో రాయదలచుకోకపోతే రాయకండి. కానీ ఆ మాత్ర పేరు మాత్రం ఏ కొత్త డాక్టరుకైనా నోటితో చెప్పండి. టీబీ మందులతో సహా చాలా మందులకూ దానికీ పొసగదు.

అండమాన్ చరిత్ర ఇక్కడ ఒక అపార్థానికి చోటిస్తుంది. 1858లో బ్రిటిష్ వారు ఇక్కడ వలస స్థాపించేనాటికి వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీయులు 1901 నాటికి 625 మంది, 1961 నాటికి 19 మంది. 1877లో వచ్చిన తట్టు ఆ వినాశంలో పెద్ద భాగం. వాళ్లకి పుట్టుకతోనే నిరోధక శక్తి తక్కువ అని ఇప్పటికీ అనేవారున్నారు. అది సరికాదు. వేల ఏళ్లు ఈ అడవుల్లో బతికిన జాతికి కాపలా లేకపోవడమేమిటి? వాళ్ల కాపలాదార్లు ఆ దొంగను ఎన్నడూ చూడలేదు, అంతే. 1999లో జారవాలకు తట్టు సోకినప్పుడు సకాలంలో వైద్యం అందింది, ఆ జాతి నిలిచింది. తట్టు గురించి ఇంకో సంగతి ఇటీవలే తెలిసింది. టీకా పడని 77 మంది పిల్లల రక్తాన్ని తట్టుకు ముందూ తరువాతా పోల్చిన 2019 అధ్యయనంలో, అంతకుముందు సంపాదించుకున్న యాంటీబాడీల్లో 11 నుంచి 73 శాతం దాకా తుడిచిపెట్టుకుపోయాయి. అంటే తట్టు పోయాక కూడా కాపలాదార్ల జ్ఞాపకం పోతుంది. వచ్చి పోయే మామూలు జబ్బు కదా, అమ్మవారు చల్లబడింది కదా అనుకునే తట్టు, కొన్ని నెలలు, ఏళ్ల పాటు ఉండే సంక్రమిత లోపం. చిట్టాలో తట్టు వచ్చిన తేదీ ఎందుకు రాయమంటానో దీన్ని బట్టి తెలుస్తుంది. తొమ్మిదో నెలలో, పదహారో నెల తరువాత వేసే ఎంఆర్ టీకా కాపాడేది ఒక్క తట్టు నుంచే కాదు.

లోపం ఉన్నదని తేలినవారికి ఈ నేల మీద జాగ్రత్తలు కొన్ని వేరు. ఏటా మూడు వేల మిల్లీమీటర్ల వాన కురిసే చోటిది. 1980ల చివర్నుంచి కోతల కాలంలో జ్వరంతో, రక్తం కక్కుతూ మనుషులు పోతుంటే అండమాన్ రక్తస్రావ జ్వరం అని పేరు పెట్టారు. పోర్ట్ బ్లెయిర్‌లోని ఐసీఎంఆర్ ప్రాంతీయ పరిశోధన కేంద్రం అది లెప్టోస్పైరోసిస్ అని 1990లలో తేల్చింది. ఎలుకల, పశువుల మూత్రం కలిసిన నీటి నుంచి, పగిలిన కాలి చర్మం గుండా దూరే సూక్ష్మజీవి అది. వరిమళ్లలో, వక్కతోటల్లో చెప్పుల్లేకుండా తిరిగేవారందరికీ ప్రమాదమే. స్టెరాయిడ్ వాడేవారికి తడి మట్టి ఇంకోటి కూడా ఇస్తుంది. అరికాళ్ల గుండా దూరే స్ట్రాంగిలాయిడిస్ అనే నులిపురుగు మామూలు మనిషిలో ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా ఉంటుంది, స్టెరాయిడ్ పడగానే రెచ్చిపోయి ఊపిరితిత్తుల దాకా పాకుతుంది. అందుకని దీర్ఘకాలం స్టెరాయిడ్ మొదలుపెట్టే ముందు 'నేను మట్టిలో పనిచేసేవాణ్ని' అని డాక్టరుకు చెప్పడం ఒక వైద్య సమాచారం. ఇప్పటికే వాడుతున్నవారు భయపడి ఒక్కసారిగా ఆపకూడదు, అదీ ప్రాణాంతకమే. గమ్‌బూట్లు, మరిగించిన నీళ్లు, చక్కెర అదుపు. ఇవి చాలామందికి తెలిసినవే.

తిండి గురించి మాత్రం ఒక మాట. లోకంలో రోగనిరోధక శక్తిని దెబ్బతీసే కారణాల్లో అన్నిటికన్నా పెద్దది జన్యువూ కాదు, వైరసూ కాదు, చాలని తిండి. జార్ఖండ్‌లో టీబీ రోగుల ఇళ్లలోని పదివేలమందికి పైగా బంధువుల మీద జరిపిన అధ్యయనం 2023లో వెలువడింది. ఇంటివాళ్లందరికీ అదనంగా బియ్యం, పప్పు వంటి రేషను, విటమిన్ మాత్రలు ఇచ్చిన ఇళ్లలో కొత్తగా టీబీ జబ్బు వచ్చినవారు 39 శాతం తగ్గారు. పప్పూ అన్నమూ చేసిన పని అది. రోగనిరోధకానికని వేరే పొడి కొనే ముందు, ఇంట్లో కోడలికి చివర్న మిగిలేది ఎంతో చూడండి.

చిట్టాకు ఖరీదైనదేదీ అక్కర్లేదు. అట్ట ఉన్న నోటుపుస్తకం, జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచి. మనిషికి ఒక పుస్తకం, ఇంటికి ఒకటి కాదు. ప్రతి జబ్బుకూ తేదీ, ఎక్కడ వచ్చింది, చెవిలోనా, ఊపిరితిత్తుల్లోనా, చర్మం మీదా, ఏ మందు, ఎన్ని రోజులు, సెలైన్ ఎక్కించారా, పరీక్షలో ఏ సూక్ష్మజీవి పేరు రాశారు. బడికి వెళ్లే పిల్లలకు ఏడాదికి ఆరేడు జలుబులు మామూలే, వాటికి బెదరక్కర్లేదు. ఏడాదిలో రెండు న్యుమోనియాలు, నాలుగైదుసార్లు చెవిలో చీము, ఏడాది దాటినా పోని నోటి పూత, డొక్కలెగరేసేంత ఆయాసంతో పదేపదే ఆసుపత్రి, ఆగిపోయిన బరువు కనిపిస్తే ఆ పుటల మీద వేలుపెట్టి డాక్టరుకు చూపించండి. పెద్దవాళ్ల పుస్తకంలో షుగరు రీడింగులు, వాడిన స్టెరాయిడ్ల పేర్లు, ఆర్‌ఎంపీ వేసిన సూదులతో సహా, దాచకుండా రాయాలి. పిల్లలు పదో తరగతి, ఇంటర్ అయ్యాక చదువుకి విశాఖకో, చెన్నైకో ఓడెక్కుతారు. సర్టిఫికెట్ల ఫైలు మూడుసార్లు సరిచూసుకుని పెట్టెలో పెడతాం. ఆ ఫైలు పక్కన ఈ నోటుపుస్తకం కూడా పెట్టండి. ఏ పుటలో ఏముందో ఆ పిల్లచేతనే ఒకసారి చదివించి పంపండి.